నిక్కో ఒక్కరోజు బస్సు టూర్: అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మేం టోక్యోలో, నిషి కసాయ్‌లో ఉంటాం. అక్టోబర్‌లో తెనాలి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లకి టవర్లు, మాల్స్ కన్నా గుళ్లూ కొండలూ చూపిస్తేనే సంతోషం. నాన్నకి శిల్పం అంటే ప్రాణం. లేపాక్షి వెళ్తే ఒక్కో స్తంభం దగ్గర పావుగంట నిలబడే మనిషి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు మెల్లగా ఎక్కుతుంది. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. మా బాబుకి మూడేళ్లు.

గుళ్లూ కొండలూ ఉన్న నిక్కో అనే ఊరికి ఒక్కరోజు బస్సు టూర్లు చాలా కనిపిస్తున్నాయి. ఒకదాంట్లో తోషోగూ గుడి, కెగోన్ జలపాతం, చూజెంజి సరస్సు. ఇంకోదాంట్లో ఇవి కాక మరో మూడు చోట్లు, భోజనం, షాపింగ్ కూడా. ధర ఇంచుమించు ఒకటే. ఎక్కువ చూపించేదే తీసుకుందాం అంటున్నారు మా ఆయన. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. అమ్మ నడవగలదా? తిండి సంగతేంటి? అసలు బస్సు మంచిదా, రైలు మంచిదా?

పాతప్రయాణికుడు

ఎన్ని చోట్లన్నది కాదండీ చూడాల్సింది, బస్సు దిగి నేల మీద ఎన్ని నిమిషాలు ఉంటారన్నది చూడాలి.

టోక్యో నుంచి నిక్కో దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదికి బయల్దేరి, దారిలో సర్వీస్ ఏరియాలో ఒకసారి ఆగి, తోషోగూ చేరేసరికి పదీముప్పావో పదకొండో అవుతుంది. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా తిరుగు ప్రయాణం. మధ్యలో ఉన్నది అయిదున్నర గంటలు. భోజనానికి ముప్పావుగంట తీసేయండి. గుడి దగ్గర నుంచి సరస్సు దాకా ఘాట్ రోడ్డు ఎక్కి దిగడానికి గంటకి పైనే తీసేయండి. చేతిలో మిగిలేది మూడు గంటల పైచిలుకు. మూడు చోట్లయితే తోషోగూకి గంటన్నర, కెగోన్‌కి ముప్పావుగంట వస్తాయి, సరస్సు ఒడ్డున కాసేపు కూర్చోవచ్చు. ఆరు చోట్లయితే ప్రతిచోటా దిగడం, ఫొటో, ఎక్కడం. మీ నాన్నగారి లాంటి మనిషికి అది శిక్షే.

ఇంకో సంగతి. జపనీస్ భాషలో నడిచే టూర్ల పత్రాల్లో చోటు పేరు పక్కన చిన్న గుర్తులుంటాయి. చాలావాటిల్లో జంట వలయం ఉంటే టికెట్ మీద లోపలికి వెళ్లి చూస్తారు, ఒక్క వలయం ఉంటే దిగి బయటినుంచి చూస్తారు, త్రిభుజం ఉంటే బస్సు కిటికీలోంచే. 'ఆరు చోట్లు' అన్నదాంట్లో మూడు త్రిభుజాలే ఉండొచ్చు. డబ్బు కట్టేముందు ఆ పత్రం తెరిచి చూడండి. తోషోగూ ప్రవేశ రుసుము, జలపాతం లిఫ్ట్ టికెట్ ధరలో కలిసి ఉన్నాయో లేదో కూడా అక్కడే ఉంటుంది.

ఓరుగల్లు_బిడ్డ

అక్కా, మేము అత్తమ్మ మామయ్యలతోటి బస్సులనే పోయినం. పెద్దోళ్లుంటే బస్సే మంచిది, రెండో ఆలోచన వద్దు. పొద్దుగాల ఎక్కినంక మళ్ల బ్యాగులు మోసుడు లేదు, ప్లాట్‌ఫారాలు ఎతుకుడు లేదు. మామయ్య పోయేటప్పుడు పొలాలు చూసుకుంట కూసున్నడు, వచ్చేటప్పుడు మంచిగ పండుకున్నడు.

గైడ్ సంగతి చెప్త. తోషోగూల యోమెయిమోన్ అని పెద్ద ద్వారం ఉంటది. తెల్ల కంబాలు, బంగారు రంగు, ఎటు చూసినా బొమ్మలే. 508 చెక్కడాలు ఉన్నయంట దాని మీద. మేము నోరు తెరుసుకొని మీదికే చూస్తున్నం. గైడమ్మ మమ్మల్ని ఆపి, 'ఈ 12 కంబాలల్ల ఒకటి తేడా ఉంది, పట్టండి' అన్నది. కంబాల మీద సుడి లెక్క చిన్న చిన్న నగిషీ ఉంటది. ఒక్క కంబం మీద ఆ నగిషీ తలకిందులు. కట్టడం పూర్తయిందంటే ఆ దినం నుంచే పాడువడుడు మొదలైతదని, అందుకే కావాలని ఒకటి తప్పు వెట్టి పూర్తి కానట్టు ఉంచిన్రంట. గైడ్ లేకుంటే దాని ముంగటికెళ్లే నడిచిపోయేటోళ్లం. మా మామయ్య హన్మకొండల వెయ్యి స్తంభాల గుడి పక్కన పుట్టి పెరిగినోడు, ఆ కంబం కాడికెళ్లి కదలనే లేదు. జెండా పట్టుకున్న గైడమ్మే మళ్ల ఎనుకకు వచ్చి పిలుసుకపోయింది.

రైలుబండి

నేను ఒప్పుకోను. శిల్పం అంటే ప్రాణం ఉన్న మనిషిని జెండా వెనక నడిపించడం అన్యాయం.

అసకుసా నుంచి తోబూ రైలు ఉంది. 2023 నుంచి స్పేసియా ఎక్స్ నడుస్తోంది, రెండు గంటల లోపే తోబూ నిక్కో స్టేషన్‌లో దించుతుంది. నిషి కసాయ్ నుంచి తొజై లైన్లో నిహొంబషి దాకా వెళ్లి, అక్కడ మారితే అసకుసా. స్టేషన్ ముందే తోషోగూకి, సరస్సుకి బస్సులుంటాయి. పాస్ తీసుకుంటే ఆ బస్సులు కూడా అందులోనే కలుస్తాయి. మీ నాన్నగారు ఒక్క ద్వారం దగ్గరే గంట నిలబడినా అడిగేవాడు ఉండడు.

బస్సు టూర్లు దాదాపు అన్నీ వదిలేసేది తాయ్‌యుయిన్. తోషోగూలో కొలువైంది జపాన్‌ని ఏలిన షోగున్ (సైనిక పాలకుడు) తొకుగవ ఇయెయాసు అయితే, ఆ గుడిని 1636లో ఇంత వైభవంగా తిరిగి కట్టించింది ఆయన మనవడు, మూడో షోగున్ ఇయెమిత్సు. ఆయన సమాధి మందిరమే తాయ్‌యుయిన్, 1653లో కట్టారు. తాతగారి గుడిని మించకూడదని అణకువగా, నలుపు బంగారం రంగుల్లో ఉంటుంది. జనం తక్కువ, దేవదారు చెట్ల నీడ. నా మటుకు నాకు తోషోగూ కన్నా అదే నచ్చింది. బస్సులో వెళ్తే దాని పేరు కూడా వినకుండా వచ్చేస్తారు.

పాతప్రయాణికుడు

రైలుబండి గారూ, తాయ్‌యుయిన్ గురించి మీరన్నది నిజం. ఒంటరిగానో జంటగానో వెళ్లేవాళ్లకి నేనూ రైలే చెప్తాను. కానీ ఈవిడ అక్టోబర్ అంటున్నారు. ఆ నెలలో స్టేషన్ నుంచి సరస్సుకి వెళ్లే బస్సుకి వరుస ఎంత ఉంటుందో మీకు తెలుసు. బిడ్డ బండి, మోకాళ్ల నొప్పులున్న తల్లి, ఘాట్ రోడ్డంతా నిలబడి ప్రయాణం. టూర్ బస్సులో సీటు మనది, అది ఎక్కడికీ పోదు. ఆ ఒక్క ధీమా కోసమే నేను బస్సు అంటున్నాను.

మల్లెపందిరి

మెట్ల గురించి నేను చెప్తానమ్మా, మా అత్తగారితో వెళ్లాను కాబట్టి. ఆవిడకీ మోకాళ్లే సమస్య.

ముందు పెద్ద రాతి తోరణం వస్తుంది, 1618లో క్యూషూ దీవి నుంచి సముద్రం మీద తెచ్చి నిలబెట్టిన రాయి. దాని ముందే పది మెట్లు. పైకి పోయేకొద్దీ మెట్టు వెడల్పు తగ్గుతుంది, అందుకని గుడి చాలా దూరంలో, చాలా ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది. 'బాబోయ్, అంత దూరమా' అని మా అత్తగారు అక్కడే హడలిపోయారు. నిజానికి అంతేం లేదు. తర్వాత ముందు ద్వారం, మళ్లీ కొన్ని మెట్లు. లోపలంతా గులకరాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లకి కాస్త ఇబ్బంది, బిడ్డ బండి అయితే అస్సలు కదలదు. బాబుని ఎత్తుకునే సంచీ తీసుకెళ్లండి. ఆ తర్వాత యోమెయిమోన్‌కి ఎక్కే మెట్లు కాస్త నిటారు. ఇక్కడిదాకా ఆగి ఆగి ఎక్కితే మీ అమ్మగారు రాగలరు.

ఆ తర్వాత నిద్రపోతున్న పిల్లి బొమ్మ ఉన్న ద్వారం. దాన్ని దాటి ఇయెయాసు సమాధికి 207 రాతి మెట్లు. అవి మాత్రం వద్దు. పిల్లిని చూసి వెనక్కి వచ్చేయండి. తల పైకెత్తి చూడాలి, చాలా చిన్నది, జనం హడావుడిలో దాటిపోతారు. వెనక వైపు పిచ్చుకలు చెక్కి ఉంటాయి, అవీ చూడండి.

మా అత్తగారు ఎక్కువసేపు ఉన్నది ముందు ద్వారం దాటగానే ఉన్న గుర్రపుశాల దగ్గర. గుడి మొత్తంలో రంగు వేయని కట్టడం అదొక్కటే, మామూలు కొయ్య. మూడు కోతులు ఉన్నది అక్కడే: చెడు చూడకు, వినకు, అనకు. అందరూ ఆ మూడింటినీ ఫొటో తీసి వెళ్లిపోతారు. కానీ అవి మొత్తం ఎనిమిది పలకలు, ఒక జీవితం కథ. మొదటి పలకలో తల్లి కోతి నుదుటి మీద చెయ్యి పెట్టుకుని దూరంగా చూస్తుంటుంది, బిడ్డ భవిష్యత్తు కోసం. పిల్ల తల్లి మొహంలోకి చూస్తుంటుంది. రెండోది ఈ మూడు కోతులు, చిన్నతనంలో చెడు అంటకూడదని. తర్వాత ఒంటరిగా నిలబడటం, ఆశగా ఆకాశంలోకి చూడటం, దెబ్బ తిని కిందికి చూస్తుంటే స్నేహితుడు ఓదార్చడం, ప్రేమ, పెళ్లి, అలలు. చివరి పలకలో కడుపుతో ఉన్న కోతి. అక్కడినుంచి మళ్లీ మొదటి పలకకి రావచ్చు. మా అత్తగారు ఆ తల్లి కోతి దగ్గరే నిలబడిపోయారు. మీ అమ్మగారికి కూడా ఎనిమిదీ వరసగా చూపించండి.

కృష్ణాతీరం

మల్లెపందిరి అక్కా, ఇంత వివరంగా చెప్పారు, చాలా చాలా ధన్యవాదాలు. అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. 207 మెట్లు మీ నాన్న ఎక్కుతారులే, నేను కోతుల దగ్గర కూర్చుంటాను అంది.

తిండి సంగతి ఎవరైనా చెప్పండి. టూర్ వాళ్ల భోజనంలో యుబా అని రాశారు. అది శాకాహారమేనా?

దోసకాయపప్పు

యుబా శాకాహారమే. సోయా పాలు కాస్తే పైన కట్టే మీగడ లాంటి పొర అది. నిక్కోలో దానికి పెద్ద పేరు. కొండల్లో తపస్సు చేసుకునే సన్యాసుల తిండిగా మొదలైంది. చిక్కు యుబాతో కాదు, అది ఉడికిన నీళ్లతో. జపాన్‌లో చాలా పులుసులకి ఆధారం దాషి అనే రసం, అందులో మామూలుగా ఎండబెట్టిన చేప తురుము వేస్తారు. మిసో సూప్, సోబా పులుసు, కూరలు ఉడికించే నీళ్లు, దాదాపు అన్నిట్లో అదే. 'మాంసం లేదు' అని వాళ్లు నిజాయితీగానే చెప్తారు, చేప తురుము వాళ్ల లెక్కలో మాంసం కాదు. అందుకని 'చేప దాషి కూడా వద్దు' అని విడిగా అడగాలి. అదీ బుక్ చేసేటప్పుడే. గుంపు మొత్తానికి ముందురోజే చెప్పి వండిస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున అడిగితే ఏమీ చేయలేరు.

మా ఇంట్లోవాళ్లకి నేను భోజనం లేని టికెట్ తీసుకుని పులిహోర, దద్ధ్యోజనం కట్టుకెళ్లాను. అక్టోబర్ చలికి పెరుగన్నం మధ్యాహ్నం దాకా దివ్యంగా ఉంటుంది. ఎక్కడ తినొచ్చో గైడ్‌ని ముందే అడగండి. బస్సులో తినొచ్చంటే వాసన ఎక్కువ రాని వాటితో సరిపెట్టండి, ఆవకాయ సీసా మూత అక్కడ తీయకండి. చెత్తబుట్టలు కనిపించవు, ఓ కవరు పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకోవాలి.

సరస్సు వైపు బయట కూర్చుని తింటే చేతిసంచీ జాగ్రత్త. ఘాట్ రోడ్డు పొడుగునా కోతులున్నాయి, మన తిరుమల దారిలో లాగే. వాటికి తిండి పెట్టడం నిక్కోలో నిషేధం. బాబు జాలిపడి బిస్కెట్ చాపకుండా చూసుకోండి.

గుడి ఊళ్లో యుబా మంజూ అని నూనెలో వేయించి, పైన ఉప్పు చల్లి వేడివేడిగా ఇస్తారు. లోపల ఎర్ర చిక్కుళ్ల తీపి ముద్ద. పూర్ణం బూరె తిన్నవాళ్లకి వెంటనే నచ్చేస్తుంది.

సింహాచలం_చందనం

ఒక సందేహమండి. నేనూ వచ్చే ఏడాది మా నాన్నగారిని తీసుకెళ్దామనుకుంటున్నాను. మన పెద్దవాళ్లు అక్కడ దండం పెట్టుకోవచ్చా? ఎలా పెట్టుకోవాలి? తోషోగూలో ఉన్నది దేవుడా, రాజా?

అమరావతి_అబ్బాయి

నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చండి. ఎవరూ ఏ మతమని అడగరు.

తోషోగూలో ఉన్నది తొకుగవ ఇయెయాసు. జపాన్‌ని ఒక పాలన కిందికి తెచ్చిన షోగున్. 1616లో చనిపోయాడు, 1617లో ఇక్కడ దేవుడిగా ప్రతిష్ఠించారు. ఇది షింటో మందిరం, వాళ్ల మాటలో జింజా. ముందు తొట్టి దగ్గర చేతులు కడుక్కోవాలి. ఎదురుగా నిలబడి రెండుసార్లు వంగి నమస్కరించి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. పక్కనే ఉన్న రిన్నోజి బౌద్ధాలయం, అంటే తెరా. అక్కడ చప్పట్లు కొట్టకూడదు, మనలాగే చేతులు జోడించి కళ్లు మూసుకుంటే చాలు. అయిదంతస్తుల పగోడా బౌద్ధ కట్టడం కదా, షింటో మందిరంలో ఎందుకుందని మీ నాన్నగారు అడగొచ్చు. 1868 దాకా ఈ కొండ మీద రెండూ కలిసే ఉండేవి. కొత్త ప్రభుత్వం విడగొట్టమని ఆజ్ఞ ఇచ్చాక రెండు జింజాలు, ఒక బౌద్ధాలయంగా వేరయ్యాయి. 1999లో యునెస్కో మూడింటినీ కలిపే గుర్తించింది.

మీ టూర్‌లో రిన్నోజి ఉంటే వదలకండి. సంబుత్సుదో అనే పెద్ద మందిరంలో మూడు బంగారు విగ్రహాలుంటాయి. ఒకటి వెయ్యి చేతుల అవలోకితేశ్వరుడు, నడుమ అమితాభుడు, మూడోది గుర్రపు తల ఉన్న అవలోకితేశ్వరుడు, సంస్కృతంలో హయగ్రీవుడే. మనకి హయగ్రీవుడంటే విష్ణువు అవతారం, చదువుల దేవుడు. అక్కడ ఆయన రౌద్ర రూపం, తల మీద చిన్న గుర్రపు తల, పశువులకీ బాటసారులకీ కాపు. కథ వేరు, కానీ మన దేశం నుంచి బయల్దేరి చైనా మీదుగా వెళ్లిన దేవుడే. ఆ మూడు విగ్రహాలూ నిక్కోలోని మూడు కొండలకి ప్రతిరూపాలు. వెయ్యి చేతులాయన నంతాయ్ పర్వతం, 2486 మీటర్లు. సరస్సు దగ్గరికి వెళ్తే తల పైకెత్తగానే కనిపించేది అదే. ఈ కొండలకి దారి తెరిచింది షోదో అనే బౌద్ధ సన్యాసి. 766లో ఇక్కడికి వచ్చి మొదటి గుడి కట్టాడు, 782లో నంతాయ్ శిఖరం చేరాడు. అంటే ఇయెయాసు కన్నా ఎనిమిది వందల ఏళ్ల ముందే ఇది పుణ్యక్షేత్రం. గైడ్లు షోగున్ల కథ మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నాకది వెలితిగా ఉంటుంది.

మా ఊరి అభిమానంతో ఇంకొక్కటి చెప్పాలి. కెగోన్ జలపాతానికి పేరు అవతంసక సూత్రం అనే బౌద్ధ గ్రంథం నుంచి వచ్చింది, జపనీస్‌లో దాని పేరే కెగోన్. ఆ సూత్రం చివరి భాగం గండవ్యూహం. అందులో సుధనుడనే కుర్రవాడు గురువుల కోసం బయల్దేరే ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకమే, ఇప్పటి ధరణికోటేనని పండితులు గుర్తించారు. కృష్ణ ఒడ్డున మొదలైన ఆ కుర్రవాడి యాత్ర ఉన్న సూత్రం పేరే అంత దూరంలో ఒక జలపాతానికి ఉంది. తెనాలి నుంచి వస్తున్న మీ నాన్నగారికి ఇది తప్పక చెప్పండి, కృష్ణాతీరం గారూ.

పశ్చిమగాలి

అందరూ గుడి గురించే చెప్తున్నారు, నేను కొండ గురించి చెప్తాను. మా వాళ్లకి గుర్తుండిపోయింది కొండే.

నంతాయ్ అగ్నిపర్వతం. అది వెళ్లగక్కిన లావా లోయకి అడ్డం పడి నీళ్లు నిలిచాయి. అదే చూజెంజి సరస్సు, సముద్రమట్టానికి 1269 మీటర్ల ఎత్తులో. ఆ లావా గోడ మీద నుంచి దూకే నీరే కెగోన్, 97 మీటర్లు. కొండని తొలిచి లిఫ్ట్ పెట్టారు, 1930 నుంచి నడుస్తోంది, ఒక్క నిమిషంలో 100 మీటర్లు కిందికి దించుతుంది. ఎక్కువ మెట్లు ఎక్కలేని మీ అమ్మగారు కూడా జలపాతం పాదాల దగ్గరికి వెళ్లగలరు. కింద వేదిక మీద నిలబడి ప్రధాన ధార ఒక్కటే చూడకండి. దాని రెండు పక్కలా నల్లటి రాతిగోడ మధ్యలోంచి సన్నటి ధారలు బయటికి వస్తుంటాయి. పైనుంచి దూకినవి కావు, సరస్సు నీళ్లు లావా పొరల సందుల్లోంచి కారి అక్కడ తేలుతున్నాయి.

ఇక పొగమంచు. కెగోన్ దగ్గర ఇది మామూలు. మేం వెళ్లినరోజు చప్పుడు వినపడుతోంది, నీటి చుక్క కనపడలేదు. మా టూర్ గైడ్ ఆ సంగతి చెప్పకుండానే అందరినీ లిఫ్ట్ ఎక్కించాడు. డబ్బు వెనక్కి రాలేదు, ఆ సమయంలో ఇంకో చోటికైనా తీసుకెళ్లలేదు. అది తప్పని ఇప్పటికీ అంటాను. పైన డబ్బు కట్టక్కర్లేని వేదిక ఒకటుంది. లిఫ్ట్ టికెట్ విడిగా కొనుక్కునే టూర్ అయితే ముందు అక్కడినుంచి చూసి, ధార కనిపిస్తేనే కిందికి వెళ్లండి.

అక్టోబర్ అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. ఆకులు ఎర్రబడటం పైనుంచి కిందికి దిగుతుంది. సరస్సు చుట్టూ అక్టోబర్ మధ్య నుంచి, ఘాట్ రోడ్డు మీద నెలాఖరుకి, తోషోగూ దగ్గర నవంబర్ మొదట్లో. ఒకే రోజు రెండు చోట్లా రంగులు చూస్తామంటే కుదరదు. ఆ రోజుల్లో ఇరోహజాకా ఘాట్ రోడ్డు మీద, శని ఆదివారాల్లో, అరగంట దారి మూడు గంటలవుతుంది. అందుకని మామూలు పనిరోజు పట్టుకోండి. వీలైతే ముందు సరస్సుకి వెళ్లి, తర్వాత గుడికి వచ్చే టూర్ చూసుకోండి. రద్దీ అంతా పదింటి తర్వాతే కొండెక్కుతుంది.

సరస్సు దగ్గర చలి టోక్యో కన్నా ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ. పెద్దవాళ్లకి స్వెట్టర్, మంకీ క్యాప్ ఉండాల్సిందే.

చింతచిగురు

బాబు ఉన్నాడన్నారు కదా, మలుపుల సంగతి ఎవరూ చెప్పలేదే! ఇరోహజాకాలో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకో రోడ్డు. రెండూ కలిపి 48 మలుపులు. జపనీస్ పాత అక్షరమాలలో ఒక్కో అక్షరం ఒక్కో మలుపు దగ్గర బోర్డు మీద ఉంటుంది. ఎక్కేటప్పుడు 20, దిగేటప్పుడు 28. అసలు తిప్పేది దిగేటప్పుడే. వాంతుల మాత్ర కొండెక్కాక కాదు, అరగంట ముందే వేయాలి. బాబుకైతే మీ డాక్టర్‌ని అడిగి ఇవ్వండి. ముందు సీట్లు కావాలని బుక్ చేసేటప్పుడే రాయండి. ఇలాంటి బస్సుల్లో చాలావాటికి టాయిలెట్ ఉండదు, ఆగిన ప్రతిచోటా పిల్లాణ్ని తీసుకెళ్లి రావాలి. గైడ్ ఇంత గంటకి బయల్దేరతాం అందంటే ఆ నిమిషానికి బస్సు కదలాల్సిందే, అంతకి అయిదు నిమిషాల ముందే సీట్లో ఉండండి. ఆలస్యమైతే ఆ పోయే సమయం తర్వాతి చోటులోంచే.

రైలుబండి

అందరూ బస్సు అంటున్నారు, సరే. నా బాధ ఒక్కటే. తోషోగూలో 50కి పైగా కట్టడాలున్నాయి. గంటన్నరలో చూసేది ద్వారం, పిల్లి, కోతులు. అంత దూరం నుంచి వచ్చిన ఆయన మళ్లీ ఎప్పుడొస్తారు? ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. మొదటిరోజు కొండ, రెండోరోజు గుడి. అమ్మగారికి విశ్రాంతి, నాన్నగారికి తీరుబాటు.

ఓరుగల్లు_బిడ్డ

అన్నా, నువ్వు చెప్పింది మంచిగనే ఉంది, కాని అందరికి అంత సెలవు యాడ దొరుకుతది? ఒక్క దినం ఆఫీసుల అడగనీకే మస్తు కష్టం. పెద్దోళ్లు కూడ పరుపు మారితే నిద్రపోరు. మా అత్తమ్మకు ఇంటికొచ్చి ఆమె మంచం మీద పండుకుంటనే మంచిగనిపించింది. ఉన్న దినంల ఎంత మంచిగ చూపియ్యాలె, గదే లెక్క.

మల్లెపందిరి

క్యోతో టూర్ల గురించి అడిగే వాళ్లెవరైనా ఈ చర్చ చదువుతుంటే ఒక మాట. పెద్దవాళ్లకి నారా కలిసిన టూర్ బాగుంటుంది. అక్కడి తోదాయ్‌జి బౌద్ధాలయం దాదాపు చదునైన నేల, జింకలు చేతిలోంచి బిస్కెట్లు తింటాయి. అక్కడి మహాబుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం (కళ్లు తెరిపించే ప్రతిష్ఠ) చేసింది బోధిసేనుడు, మన దేశం నుంచి వెళ్లిన సన్యాసి. ఫూజీ వైపు టూర్లలో ఎర్ర పగోడా ఫొటో చూపించి ఊరిస్తారు, దానికి 398 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

కృష్ణాతీరం

వెళ్లొచ్చాం! అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మూడు చోట్ల టూరే తీసుకున్నాం, భోజనం లేకుండా, మంగళవారం.

ముందు సరస్సుకే తీసుకెళ్లారు. ఆకులు సగం ఎర్రగా, సగం పసుపుగా ఉన్నాయి. జలపాతం పూర్తిగా కనిపించింది. రాతిగోడలోంచి వచ్చే సన్నటి ధారలు చూపిస్తే, 'ఇది కొండ చెమట' అంది అమ్మ. లిఫ్ట్ దిగాక కొన్ని మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, మెల్లగా దిగింది. సుధనుడి కథ నాన్నకి అక్కడే చెప్పాను. ధరణికోట అనగానే 'నిజమా?' అని రెండుసార్లు అడిగారు. అమరావతి_అబ్బాయి గారూ, ఆయన మీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు. తెనాలి వెళ్లాక ధరణికోట మళ్లీ చూసొస్తారట.

తోషోగూలో గంటా నలభై నిమిషాలు ఇచ్చారు. గైడ్ అరగంటలో ముఖ్యమైనవి చూపించి, మిగతా సమయం వదిలేసింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ పద్ధతి ఉన్న టూరే వెతకండి. రైలుబండి గారి బెంగ కూడా దీంతో కొంత తీరుతుంది. నాన్న ద్వారం కన్నా ఎక్కువసేపు దాని రెండు పక్కలా ఉన్న వసారా గోడ దగ్గర ఉన్నారు. పూలు, పక్షులు, మబ్బులు, ఒక్కో బొమ్మా ఒకే పలక తొలిచి చెక్కారని గైడ్ చెప్పింది. ఈక వెనక ఈక, ఆకు వెనక ఆకు, లోపలికి వేలు పోయేంత లోతు. ద్వారానికి 2017లో మరమ్మతు పూర్తయిందట, రంగులన్నీ నిన్న వేసినట్టున్నాయి. 'మన దగ్గర లేపాక్షి పైకప్పు రంగులకి ఈపాటి శ్రద్ధ పెట్టి ఉంటేనా' అని చాలాసేపు బాధపడ్డారు.

ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తాను. హొంజిదో అనే మందిరంలో పైకప్పు మీద పెద్ద డ్రాగన్ బొమ్మ ఉంది. సన్యాసి ఒకాయన దాని తోక కింద నిలబడి రెండు చెక్కలు కొట్టారు. టప్ మని చప్పుడు, అంతే. రెండడుగులు జరిగి సరిగ్గా తల కింద కొట్టారు. గంట మోగినట్టు గలగలమంటూ గొలుసుకట్టుగా సాగింది ఆ మోత. చెక్కలు అవే, మనిషి ఆయనే. బాబు గట్టిగా 'మళ్లీ!' అన్నాడు, తెలుగులోనే. అక్కడ చెప్పులు విప్పాలి, ఫొటోలు తీయకూడదు. అమ్మ లాంటి వాళ్లకి వంగి తాళ్లు కట్టుకునే బూట్లు వద్దు, కాలు దూర్చేస్తే సరిపోయేవి వేయండి.

అమ్మ గుర్రపుశాల దగ్గర ఎనిమిది కోతుల పలకలూ వరసగా చూసింది, మల్లెపందిరి అక్కా. చివరిదానికి వచ్చాక మళ్లీ మొదటిదాని దగ్గరికి వెళ్లింది. నాన్న 207 మెట్లు ఎక్కి దిగారు. రిన్నోజి మాత్రం కుదరలేదు, హయగ్రీవుణ్ణి చూడలేదన్న లోటు ఉంది.

సింహాచలం_చందనం

చాలా సంతోషమండి. మా నాన్నగారికి జనవరిలోనే వీలయ్యేలా ఉంది. శీతాకాలంలో ఈ టూర్లు నడుస్తాయా? వెళ్లడం దండగా?

పశ్చిమగాలి

నడుస్తాయి, కానీ తక్కువ. కొన్ని కొండ మీదికి వెళ్లకుండా గుడి, వేడినీటి బుగ్గల స్నానంతో ముగిస్తాయి. కెగోన్ ఉందో లేదో చూసుకోండి. బస్సులకి మంచు టైర్లు వేస్తారు, ఘాట్ రోడ్డు గురించి భయం అక్కర్లేదు. బాగా చలి పట్టిన రోజుల్లో జలపాతం పక్కనున్న సన్నటి ధారలు గడ్డకట్టి నీలంగా వేలాడతాయి. ప్రధాన ధార కూడా కొంత గడ్డకడుతుంది. గుడి దగ్గర రద్దీ తక్కువ, నాన్నగారు తీరిగ్గా చూడొచ్చు. అయితే జనవరి మొదటి మూడు రోజులూ వెళ్లకండి, కొత్త సంవత్సరం మొక్కులకి జపాన్ అంతా గుళ్లలోనే ఉంటుంది. రాతి మెట్ల మీద మంచు గడ్డకట్టి జారుతుంది, చెప్పుల అడుగున తగిలించుకునే రబ్బరు పట్టీలు దొరుకుతాయి, ఒక జత కొనండి.

అమరావతి_అబ్బాయి

రిన్నోజి ఉన్న టూర్ చూసుకోండి, చందనం గారూ. లేకపోతే తోషోగూ దగ్గర వదిలేసిన సమయంలో వెళ్లొచ్చు, నడిచి అయిదారు నిమిషాలే. టికెట్ వేరే. గైడ్‌కి చెప్పి వెళ్లండి.